ఒక రిజిస్టరు, రెండు దేశాలు

పేటెంట్ అటార్నీ అనగానే మనవాళ్లకు నల్లకోటు గుర్తొస్తుంది. మెల్‌బోర్న్‌లో ఉన్న కొడుకు "అమ్మా, పేటెంట్ అటార్నీల ఆఫీసులో చేరాను" అని ఫోన్లో చెబితే, "నిన్ను ఇంజినీరింగ్ కదరా చదివించింది, లా ఎప్పుడు చదివావు?" అని ఆవిడ కంగారు పడుతుంది. కంగారు అక్కర్లేదు. ఈ వృత్తికి మొదట కావాల్సిన చదువు సైన్సో ఇంజినీరింగో. కోర్టులో నిలబడి వాదించడం దీనిలో ప్రధానమైన పని కాదు. ఎవరో కొత్తగా కనిపెట్టిన దాన్ని కాగితం మీద పెట్టాలి. దానిమీద ఎంతవరకు హక్కు అడగవచ్చో తేల్చాలి. పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ అభ్యంతరాలకు జవాబు రాయాలి. అవతలివాడి పేటెంటు మన క్లయింటు వ్యాపారానికి అడ్డొస్తుందా రాదా అన్నది ముందే చెప్పగలగాలి.

బీటెక్ చేసి కోడింగ్ మీద మనసు పోనివాళ్లు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి ల్యాబులో విసిగిపోయినవాళ్లు, పీహెచ్‌డీ పట్టా పట్టుకుని ఒక పోస్ట్‌డాక్ నుంచి ఇంకో పోస్ట్‌డాక్‌కు తిరుగుతున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఇలాంటి దారి ఒకటుందని వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. చెప్పేవాళ్లు కూడా జీతం గురించి చెబుతారు గానీ రిజిస్ట్రేషన్ గురించి చెప్పరు. ఈ అధ్యాయంలో జీతం ఊసు ఉండదు.

లైసెన్సు కావాల్సిన ఏ వృత్తిలోకి దిగబోయినా "పేరు ఎలా ఎక్కుతుంది?" అని అందరూ అడుగుతారు. ఎక్కిన పేరును కొట్టేసే అధికారం ఎవరి చేతిలో ఉందని అడిగేవాళ్లు అరుదు. నన్నడిగితే ఆ రెండో ప్రశ్నకు జవాబు తెలిశాకే ఆ వృత్తిలోకి దిగాలి. దీన్ని అర్థం చేసుకోవడానికి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల పద్ధతి చక్కటి పాఠం. దేశాలు వేరు, పేటెంటు చట్టాలు వేరు, పేటెంట్ ఆఫీసులు వేరు. అటార్నీల రిజిస్టరు మాత్రం ఒక్కటే. మనవాళ్లు పెద్ద సంఖ్యలో చదువుకుంటున్న, స్థిరపడుతున్న దేశాలు కూడా కనుక ఆ పాఠం మనకు ఊరికే పోదు.

రిజిస్టర్లు ఎలా కలిశాయి

ఈ రెండు దేశాల మధ్య తాస్మాన్ సముద్రం ఉంది. 1998 మే 1 నుంచి ఒక ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఒక దేశంలో రిజిస్టరైన వృత్తి నిపుణుడు రెండో దేశంలో అదే వృత్తి చేసుకోవాలంటే మళ్లీ పరీక్షలు రాయనక్కర్లేదు, అక్కడా రిజిస్టరు చేయించుకుంటే చాలు. డాక్టర్లను దీన్నుంచి మినహాయించారు. పేటెంట్ అటార్నీలకు మాత్రం ఇది బాగా పనికొచ్చింది. సిడ్నీ అటార్నీ వెల్లింగ్టన్‌లో, ఆక్లాండ్ అటార్నీ క్యాన్‌బెరాలో పేరు నమోదు చేయించుకునేవారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అటార్నీ కావడానికి రెండు దేశాలూ వేర్వేరు పద్ధతులు పెట్టుకున్నాయి. ఆస్ట్రేలియాలో విశ్వవిద్యాలయాలు నడిపే గుర్తింపు పొందిన కోర్సులు పూర్తిచేయాలి. న్యూజిలాండ్‌లో పాతకాలపు పద్ధతి: ఆఫీసులో పనిచేస్తూ, సొంతంగా చదువుకుంటూ, పేపర్ల వారీగా పరీక్షలు రాయాలి. ఏ దారిన వచ్చినా చివరికి రెండు దేశాల్లోనూ పనిచేసే అర్హత దొరికేది. అలాంటప్పుడు రెండు రిజిస్టర్లు, రెండు రుసుములు, ఇద్దరు పర్యవేక్షకులు ఎందుకన్న ప్రశ్న రాక తప్పదు. పైగా న్యూజిలాండ్ జనాభా అంతా కలిపితే 50 లక్షల పైచిలుకు. అంత చిన్న దేశంలో ఏటా ఈ పరీక్షలకు కూర్చునేవాళ్లు కొద్దిమంది. ఆ కొద్దిమంది కోసం ప్రశ్నపత్రాలు తయారుచేయడం, దిద్దడం, క్రమశిక్షణ యంత్రాంగం నడపడం అంటే మోయలేని పనే.

2009లో అప్పటి ప్రధానులు ఆస్ట్రేలియాకు చెందిన కెవిన్ రడ్, న్యూజిలాండ్‌కు చెందిన జాన్ కీ కలిసి రెండు ఆర్థిక వ్యవస్థలను ఒకే మార్కెట్‌గా మలచాలని ఒక కార్యక్రమం ప్రకటించారు. అందులో మేధోసంపత్తి మీద కూడా కొన్ని లక్ష్యాలు పెట్టుకున్నారు. పేటెంట్ అటార్నీల ఉమ్మడి నియంత్రణ వాటిలో ఒకటి. చట్టాలు మార్చడానికి ఏళ్లు పట్టింది. ఆస్ట్రేలియా 2015లో, న్యూజిలాండ్ 2016లో సవరణలు చేసుకున్నాక 2017 ఫిబ్రవరి 24న ఉమ్మడి వ్యవస్థ మొదలైంది. ఆ రోజుకు ఏ దేశపు రిజిస్టరులో పేరున్నా ఉమ్మడి రిజిస్టరులోకి వచ్చేశారు.

అదే కార్యక్రమంలో ఇంకో పెద్ద ఆశ కూడా ఉండేది. రెండు దేశాలకూ కలిపి ఒకే పేటెంటు దరఖాస్తు, ఒకే ఎగ్జామినర్ పరిశీలన. అది మధ్యలోనే ఆగిపోయింది. మనుషుల్ని ఒక రిజిస్టరులోకి తెచ్చినంత తేలిక కాదు, రెండు సార్వభౌమ దేశాల హక్కుల్ని ఒక ఫైలులో పెట్టడం. నా ఉద్దేశంలో అది ఆగిపోవడం వల్ల నష్టమేమీ జరగలేదు. చట్టాల్లో తేడాలు ఉన్నంతకాలం ఒకే పరిశీలన అన్నది పైపై ముచ్చటే.

తేడాలు చిన్నవి కావు. మనిషికి చేసే వైద్య చికిత్స పద్ధతి మీద పేటెంటు ఇవ్వవచ్చా? ఇవ్వవచ్చని ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) 2013లో ఒక మందుల కేసులో తేల్చింది. సరిగ్గా అదే సంవత్సరం న్యూజిలాండ్ కొత్త పేటెంటు చట్టం చేసుకుని, కుదరదని రాసుకుంది. కంప్యూటర్ ప్రోగ్రామ్ దానంతటదిగా పేటెంటుకు అర్హం కాదని కూడా ఆ చట్టమే చెప్పింది. కొన్ని మందుల పేటెంట్లకు ఆస్ట్రేలియాలో మామూలు 20 ఏళ్ల మీద అయిదేళ్ల వరకు పొడిగింపు దొరుకుతుంది. న్యూజిలాండ్‌లో ఆ సౌకర్యం లేదు. కాబట్టి ఒకే సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఒకే సలహా రెండు చోట్లా పనికిరాదు. మెల్‌బోర్న్‌లో కూర్చుని న్యూజిలాండ్ దరఖాస్తు నడిపే అటార్నీ ఆ దేశ చట్టాన్ని ఆ దేశపు వాడిలా చదివి ఉండాలి. అర్హత కోర్సుల్లో రెండు దేశాల చట్టాలనూ చేర్చింది అందుకే.

పేరు ఎక్కాలంటే

మొదటిది చదువు. పేటెంటుకు వీలున్న విషయాలు ఉండే సైన్సు లేదా సాంకేతిక రంగంలో కనీసం బ్యాచిలర్ స్థాయి డిగ్రీ కావాలి. అక్కడి అర్హతల చట్రంలో ఇది 7వ స్థాయి. విదేశీ డిగ్రీ అయితే అది ఆ స్థాయికి తగినదేనని చూపించుకోవాలి. మన బీటెక్, ఎమ్మెస్సీ పట్టాలతో వెళ్లినవాళ్లు సిలబస్‌తో సహా మార్కుల పత్రాలన్నీ దగ్గర పెట్టుకోవడం మంచిది. సబ్జెక్టులో లోతు ఉందా అన్నది కూడా అటార్నీల బోర్డు చూస్తుంది, డిగ్రీ పేరు చూసి వదిలేయదు. అక్కడే మాస్టర్స్ చేస్తున్నవాళ్లకు ఈ తలనొప్పి తక్కువ.

రెండోది చట్టం చదువు. లా కాలేజీ అక్కర్లేదు గానీ గుర్తింపు పొందిన సబ్జెక్టులు పూర్తిచేయాలి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం, సిడ్నీలోని యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ వంటివి వీటిని నడుపుతాయి. న్యాయవ్యవస్థ, వృత్తి నడవడిక, పేటెంటు, ట్రేడ్‌మార్కు, డిజైన్ చట్టాలు ఒక ఎత్తు. వాటిని కష్టపడి చదివితే గట్టెక్కొచ్చు. స్పెసిఫికేషన్, అంటే కనిపెట్టినదాన్ని వివరించే పత్రం రాయడం, రాసినదాన్ని చదివి అర్థం చెప్పడం ఇంకో ఎత్తు. మంచి మార్కులకు అలవాటుపడ్డ మన పిల్లలు కంగుతినేది ఇక్కడే. బట్టీ పట్టడానికి ఇందులో ఏమీ ఉండదు.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త దగ్గర నుంచి చూద్దాం. ఇళ్లలో వాడే 20 లీటర్ల నీళ్ల క్యాన్ తీసుకోండి. క్యాన్‌ను వంచకుండా నీళ్లు తోడే చిన్న పంపును మీ క్లయింటు ఒకాయన తయారుచేశాడు. అలాంటి పంపులు బజారులో ఉన్నాయి. ఈయన కొత్తగా చేసిందల్లా, పంపు ఆగగానే నీళ్లు వెనక్కి జారిపోకుండా మూతలో ఒక రబ్బరు పలక అమర్చడం. నమూనా తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొత్తగా చేరిన కుర్రాడు రాసే మొదటి క్లెయిము, అంటే దేనిమీద హక్కు అడుగుతున్నామో చెప్పే వాక్యం, ఇలా ఉంటుంది: "బ్యాటరీతో నడిచే మోటారు, స్టీలు గొట్టం, మూతకు అతికించిన గుండ్రటి రబ్బరు పలక గల నీళ్ల పంపు."

చూసింది చూసినట్టు రాశాడు. పోటీదారుకు ఇంతకంటే మేలు ఎవరూ చేయలేరు. అతను రబ్బరు తీసేసి సిలికాన్ పెడతాడు, గుండ్రటి పలకను నలుచదరం చేస్తాడు, మోటారు మానేసి చేత్తో నొక్కే పంపు పెడతాడు. క్లెయిములో చెప్పినవన్నీ ఎదుటివాడి వస్తువులో ఉంటేనే గదా ఉల్లంఘన! ఒక్కటి తప్పినా మామూలుగా బయటపడిపోతాడు.

సరే, అన్నీ తీసేసి రాద్దామనుకుంటాడు కుర్రాడు: "నీళ్లు వెనక్కి పోకుండా మూసుకునే భాగం గల పంపు." ఇప్పుడు ఎగ్జామినర్ నవ్వుతాడు. మన పొలాల్లో మోటారు గొట్టం అడుగున బిగించే ఫుట్‌వాల్వ్ చేసే పని అదే. ఏనాడో ఉన్నదాన్ని నాదంటే ఎవరిస్తారు? అప్పుడు క్లయింటును మళ్లీ కూర్చోబెట్టి అడగాలి: "ఫుట్‌వాల్వ్‌లా అడుగున పెట్టకుండా మూతలో ఎందుకు పెట్టారు?" ఆయన తల గోక్కుంటూ చెబుతాడు: "గొట్టం బయటికి లాగకుండా, మూత ఒక్కటి విప్పితే పలక మార్చుకోవచ్చని, సార్." అసలు సంగతి అదీ. ఆయనకే గొప్పగా తోచని ఆ మాటలో ఉంది కొత్తదనం. మూతతో పాటు విడివడే, గొట్టాన్ని కదపకుండా మార్చుకోగలిగే అమరిక మీద ప్రధాన క్లెయిము నిలబెట్టాలి. రబ్బరు, గుండ్రం, బ్యాటరీ లాంటివి దాని కిందివరుస క్లెయిముల్లోకి వెళతాయి. రేపు ప్రధాన క్లెయిము వీగిపోతే వాటిలో ఏదో ఒకటి ఆదుకుంటుంది. ఇంజినీరింగ్ తెలియనివాడు ఆ ప్రశ్న అడగలేడు. చట్టం తెలియనివాడికి ఆ జవాబు విలువ తెలియదు. సైన్సు డిగ్రీ ఎందుకు అడుగుతారో, దానిమీద మళ్లీ చట్టం ఎందుకు చదివిస్తారో ఇక్కడ తెలుస్తుంది. అంతెందుకు, ఆస్ట్రేలియా చట్టం ప్రకారం మామూలు లాయరు కూడా పేటెంట్ అటార్నీ సూచనల మేరకు తప్ప, కొన్ని మినహాయింపులు పోను, క్లయింటు కోసం స్పెసిఫికేషన్ తయారుచేయకూడదు.

మూడోది అనుభవం. ఏకధాటిగా రెండేళ్లు, లేదా అయిదేళ్ల వ్యవధిలో మొత్తం కలిపి రెండేళ్లు, నిర్దేశించిన పనులు చేసి ఉండాలి. పేటెంటు రికార్డుల్లో వెతకడం, ఆస్ట్రేలియాలోనో న్యూజిలాండ్‌లోనో దరఖాస్తులు తయారుచేసి దాఖలు చేసి నడపడం, ఇతర దేశాల దరఖాస్తుల పని, స్పెసిఫికేషన్లు రాయడం, చెల్లుబాటు మీద, ఉల్లంఘన మీద సలహా ఇవ్వడం. ఇవన్నీ చేశారని అనుభవమున్న అటార్నీ ఒకరు రాతపూర్వకంగా చెప్పాలి. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో అమెరికా క్లయింట్ల కోసం పేటెంటు సెర్చ్‌లు చేసిన మన పిల్లలు చాలామంది ఆ అనుభవమే సరిపోతుందనుకుని వెళతారు. ఉద్యోగం దొరకడానికి అది అక్కరకొస్తుంది. ఆ జాబితాను నింపడానికి మాత్రం చాలదు.

అందుకే చేరిన మొదటి వారం నుంచే ఒక పుస్తకం పెట్టండి. ఏ ఫైలు, మీరు చేసింది ఏమిటి, పైవారు దిద్దింది ఏమిటి అని రెండు మూడు లైన్లు. క్లయింటు రహస్యాలు అందులో రాయకండి, ఫైలు నంబరు చాలు. రెండేళ్ల తర్వాత కూర్చుని గుర్తు తెచ్చుకోబోతే సెర్చ్‌లు వందల్లో గుర్తొస్తాయి, ఉల్లంఘన మీద ఇచ్చిన సలహా ఒక్కటీ గుర్తురాదు. ఆరు నెలలకోసారి పుస్తకం తిరగేస్తే మీకు ఏ పని అసలు ఇవ్వడం లేదో తెలుస్తుంది. అది అడిగి చేయించుకోవాలి. అడగడానికి మొహమాటపడి రెండేళ్లూ సెర్చ్‌ల్లోనే మిగిలిపోతే ఆ నష్టం మీదే.

నాలుగోది నడవడిక. మంచిపేరు, నిజాయితీ ఉండాలి, గత అయిదేళ్లలో నిర్దేశిత నేరాలకు శిక్ష పడి ఉండకూడదు. పౌరసత్వం ఏదని మాత్రం అడగరు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

పేరు కొట్టేసేది ఎవరు

రిజిస్టరు ఐపీ ఆస్ట్రేలియా అనే ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటుంది. అర్హతలు, నడవడిక చూసేది ట్రాన్స్-తాస్మాన్ ఐపీ అటార్నీస్ బోర్డు. అందులో ఇరు దేశాల వాళ్లూ ఉంటారు. ఎవరిమీదైనా ఫిర్యాదు వస్తే బోర్డు విచారిస్తుంది. తీవ్రమైనదైతే క్రమశిక్షణ ట్రైబ్యునల్ ముందు పెడుతుంది. శిక్ష వేసేది ట్రైబ్యునల్. తప్పు చిన్నదైతే మందలింపో కొంతకాలం సస్పెన్షనో, పెద్దదైతే రిజిస్ట్రేషన్ రద్దు. ఫిర్యాదు చూసేవాళ్లు, తీర్పు చెప్పేవాళ్లు ఒకరే కాకుండా ఇలా విడదీయడం ఈ వ్యవస్థలో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం. నిన్న మీ దరఖాస్తును తిరస్కరించిన అధికారితో మీరు గొడవపడ్డారనుకోండి, మీ పేరు కొట్టేసే కలం ఆయన చేతిలో లేదు.

పేరు ఎక్కాక కూడా ఊరుకోనివ్వరు. ఏటా రుసుము కట్టాలి, కనీసం 10 గంటలు వృత్తి విద్య చూపించాలి. ట్రేడ్‌మార్క్స్ అటార్నీగా కూడా రిజిస్టరై ఉంటే 15 గంటలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ట్రేడ్‌మార్క్స్ అటార్నీ రిజిస్ట్రేషన్ ఆస్ట్రేలియాకే పరిమితం, ఉమ్మడి వ్యవస్థ అక్కడిదాకా పోలేదు. న్యూజిలాండ్‌లో ఆ వృత్తికి అలాంటి రిజిస్టరే లేదు. "ట్రేడ్‌మార్కు నిపుణుణ్ణి" అని అక్కడ ఎవరైనా చెప్పుకుంటే ఆయన లాయరా, పేటెంట్ అటార్నీయా, ఉత్త సలహాదారా అన్నది మీరే కనుక్కోవాలి.

ఇక క్లయింటు సొంత మనిషిలా నమ్మి చెప్పిన సంగతుల మాట. ఆస్ట్రేలియా పేటెంటు చట్టం, న్యూజిలాండ్ సాక్ష్యాల చట్టం రెండూ పేటెంట్ అటార్నీకి, క్లయింటుకు మధ్య ఈ పనిలో జరిగే సంభాషణకు రక్షణ ఇచ్చాయి. కోర్టు కూడా మామూలుగా దాన్ని బయటపెట్టమనదు. లాయరు కాని మనిషికి ఈ గౌరవం దక్కడం చిన్న విషయం కాదు. అంత రక్షణ ఇచ్చారు కాబట్టే అంత గట్టి నియమావళి కూడా పెట్టారు.

ఆ నియమావళికి ఇటీవల పెద్ద పరీక్షే వచ్చింది. తరతరాలుగా భాగస్వాములే యజమానులుగా నడిచిన అటార్నీ సంస్థలు స్టాక్ మార్కెట్ మెట్లెక్కాయి. 2014లో ఐపీహెచ్ అనే కంపెనీ ఆస్ట్రేలియా ఎక్స్ఛేంజీలో లిస్టయింది. తర్వాత జెనిత్, క్వాంటమ్ అనే సమూహాలు వచ్చాయి. న్యూజిలాండ్‌లో పేరున్న ఏజే పార్క్ 2017లో ఐపీహెచ్ గొడుగు కిందికి వెళ్లింది, 2019లో జెనిత్‌నూ ఐపీహెచ్ కొనేసింది. ఇప్పుడు ఆలోచించండి. మీ పేటెంటు చూస్తున్న సంస్థ, దాన్ని కొట్టేయించాలని చూస్తున్న మీ పోటీదారు తరఫు సంస్థ, రెండూ ఒకే యజమానివైతే? బోర్డుల మీద పేర్లు వేరు, లాభం చేరే జేబు ఒకటి. 2018లో వచ్చిన నియమావళి ఇలాంటి యాజమాన్య సమూహాల గురించి ప్రత్యేకంగా చెప్పింది. తాము ఏ సమూహానికి చెందినవాళ్లమో క్లయింటుకు తెలియజేయాలి. ఇది చాలా? చాలదని వాదించేవాళ్లున్నారు. నేనూ వాళ్ల పక్షమే. తెలియజేయడం వేరు, క్లయింటుకు అర్థమవడం వేరు. పదిపేజీల ఒప్పందంలో చివర ఒక పేరా కింద ఇలాంటి సంగతి దాక్కుంటే చిన్న వ్యాపారి కళ్లకు ఆనదు. అటార్నీగా మీరు ఆ స్థానంలో ఉంటే నోటితో చెప్పండి.

ఇంకో మాట. న్యూజిలాండ్ పేటెంట్ అటార్నీల సంస్థ 1912 నుంచి ఉంది, ఆస్ట్రేలియాలోనూ అలాంటి పాత సంస్థ ఉంది. ఇవి వృత్తి సంఘాలు. వీటిలో సభ్యత్వం మంచిదే గానీ అది రిజిస్ట్రేషన్ కాదు. విజిటింగ్ కార్డు మీద సంఘం పేరు చూసి మోసపోకండి.

మన రిజిస్టరు సంగతి

మన దేశంలో 1970 నాటి పేటెంటు చట్టం ప్రకారం ఈ పని చేసే మనిషిని పేటెంట్ ఏజెంట్ అంటారు. 21 ఏళ్లు నిండాలి, సైన్సు, ఇంజినీరింగ్, టెక్నాలజీలలో డిగ్రీ ఉండాలి, పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్ష పాసవ్వాలి. వంద మార్కుల చొప్పున రెండు పేపర్లు, 50 మార్కుల మౌఖిక పరీక్ష. ఒక్కో పేపర్లో కనీసం 50, అన్నీ కలిపి 60 శాతం రావాలి. పదేళ్లు ఎగ్జామినర్‌గా చేసి బయటికొచ్చినవాళ్లకు పరీక్ష లేకుండానే దారి ఉంది. మిగతావాళ్లకు రెండేళ్లు ఎవరి దగ్గరో పనిచేయాలన్న షరతు లేదు. నీళ్ల పంపుకు ఒక్క క్లెయిము కూడా నిజంగా రాయకుండా రిజిస్టరు ఎక్కవచ్చు. పిల్లలకు ఇది వరంగా కనిపిస్తుంది. క్లయింటు వైపు నుంచి చూస్తే అలా కనిపించదు. పరీక్ష పాసైన ఉత్సాహంలో వెంటనే సొంత బోర్డు పెట్టకండి. ఏపీ, తెలంగాణల దరఖాస్తులు చూసే పేటెంట్ ఆఫీసు చెన్నైలో ఉంది. అక్కడ తరచూ హాజరయ్యే సీనియర్ దగ్గర కొంతకాలం పనిచేసి చూడండి.

మన దగ్గర పేరు ఎక్కించేది పేటెంట్ ఆఫీసు కంట్రోలర్. వృత్తిలో దుష్ప్రవర్తన రుజువైతే తీసేసేదీ ఆయనే. విడిగా బోర్డు లేదు, ట్రైబ్యునల్ లేదు. ఏజెంట్ సమయానికి జవాబు దాఖలు చేయక, పాపం కనిపెట్టినాయన దరఖాస్తు వదిలేసినట్టు లెక్కలోకి వెళ్లిన ఒక కేసు ఢిల్లీ హైకోర్టుకు వచ్చింది. పేటెంట్, ట్రేడ్‌మార్క్ ఏజెంట్లకు ప్రవర్తనా నియమావళి తయారుచేయమని 2024లో ఆ కోర్టు కంట్రోలర్ జనరల్‌ను ఆదేశించింది. చట్టం వచ్చిన అర్ధశతాబ్దం తర్వాత! తాస్మాన్ అవతలివాళ్లు రెండు దేశాలను కలుపుకుని చేసుకున్న పనిని మనం ఒక్క దేశంలో ఇంకా మొదలుపెడుతున్నాం.

ఇక పైన గుర్తుంచుకోమన్న మాట. భారత రిజిస్టరులో పేరు ఎక్కడానికి మొదటి షరతు భారత పౌరసత్వం. ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకుంటే మన పౌరసత్వం పోతుంది, ఓసీఐ కార్డు దాని స్థానాన్ని భర్తీ చేయదు. అక్కడ అటార్నీగా స్థిరపడి, తర్వాత హైదరాబాద్ వచ్చి ఇక్కడా రిజిస్టరై రెండు చోట్లా పనిచేద్దామని కలలు కనేవాళ్లు పాస్‌పోర్టు మార్చుకునే ముందే ఈ లెక్క చూసుకోవాలి. అలాగే మన ఏజెంట్ సర్టిఫికెట్ సరిహద్దు దాటితే చెల్లదు. ఏ దేశంతోనూ మనకు తాస్మాన్ లాంటి ఉమ్మడి రిజిస్టరు లేదు. ఇక్కడి క్లయింటుకు ఆస్ట్రేలియాలో పేటెంటు కావాలంటే అక్కడి అటార్నీని పెట్టుకోవాల్సిందే.

ఉమ్మడి రిజిస్టరు ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తుంది, మన పేటెంట్ ఏజెంట్ల జాబితా కూడా అంతే. కాబట్టి క్లయింటుగా వెళుతున్నా, ట్రెయినీగా చేరుతున్నా ముందు ఆ సంస్థలో మీ పని చూడబోయే మనిషి పేరు వెతకండి. ట్రెయినీ అయితే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే ఇంటర్వ్యూలో మొహమాటం లేకుండా అడగండి: "రెండేళ్ల తర్వాత నా అనుభవ పత్రం మీద సంతకం పెట్టేది ఎవరండీ?" సూటిగా జవాబు రాని చోట చేరకండి.